ముగ్గురూ ఉన్న ఫొటో

గ్లాసులో ఒక్క బ్రష్షే ఉంది.

ఫొటోలావిడ మొహం కడుక్కుందామని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, కొళాయి తిప్పి, నీళ్ళు పోతున్నా పట్టించుకోకుండా ఆ గ్లాసు వంకే చూస్తూ ఉండిపోయింది. ముప్పై నాలుగేళ్ళుగా అందులో ఉండేవి రెండు బ్రష్షులు. ఒకటి అటెన్షన్‌లో నిలబడేది. రెండోది చెదిరిన జుట్టుతో దాని భుజం మీద వాలిపోయేది. వాలేది తనది. ఇవాళ ఆనుకోవడానికి ఏమీ లేక గ్లాసు అంచుకి తల పెట్టుకుని ఉంది.

టీచరు బ్రష్షు తీసేసింది. అంటే ఇది మామూలు అలక కాదు.

మామూలు అలకలకి ఈ ఇంట్లో ఒక వరస ఉంది. టీచరుకి చిరాకేస్తే రేడియో గొంతు పెంచుతుంది. కోపమొస్తే ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతుకుతుంది. అది నషాళానికంటితే 'మేడమ్' అని పిలుస్తుంది. ముప్పై ఏళ్ళు స్కూలు గ్రౌండులో విజిలేసి పిల్లల్ని పరిగెత్తించిన మనిషి కదా, లోపల దాచుకోవడం చేతకాదు. అలాంటిది, నిన్న సాయంత్రం ఆ షీటు బయటపడ్డప్పటినుంచీ రేడియో లేదు, దుప్పట్లు లేవు, 'మేడమ్' కూడా లేదు.

షీటు ఇంకా భోజనాల బల్ల మీదే ఉంది. రాత్రి దాన్ని ముట్టుకోకుండా, దానికి చెరోవైపూ కంచాలు పెట్టుకుని, తిన్నామనిపించి లేచారు ఇద్దరూ.

రీల్లో ఉన్న బొమ్మలన్నీ గోరంత గోరంతగా ఒకే కాగితం మీద వేసుకున్న షీటది. ఏ బొమ్మని పెద్దది చెయ్యాలో, ఎక్కడిదాకా కొయ్యాలో ఫొటోలవాళ్ళు దాని మీద ఎర్ర మైనప్పెన్సిలుతో గీసుకుంటారు. ముప్పై ఒక్క ఏళ్ళ నాటి ఆ షీటులో, రెండో వరస చివరి బొమ్మలో ముగ్గురున్నారు. ఎడమ పక్కన టీచరు, మధ్యలో వాళ్ళ స్నేహితురాలు బొత్తాం, కుడి పక్కన ఫొటోలావిడ. కెమెరాకి టైమరు పెట్టి పరిగెత్తుకొచ్చి నిలబడిందేమో, ఆవిడ జుట్టు ఇంకా గాల్లోనే ఉంది.

ఆ బొమ్మ మీద రెండు ఎర్ర గీతలు. ఒకటి టీచరుని కోసేసింది. ఇంకొకటి ఫొటోలావిడని. మధ్యలో బొత్తాం ఒక్కతే మిగిలింది, భుజం మీద టీచరు చేతివేళ్ళతో.

ఆనాడు ఆదివారం పేపర్లో, తమలా దాక్కుని బతికేవాళ్ళ గురించిన వ్యాసం పక్కన పడింది ఆ మధ్య ముక్కే. సోమవారం బొత్తాంని పనిచేసే టైలరింగ్ షాపులోకి రానివ్వలేదు. మంగళవారం గది అద్దెకిచ్చిన ఇంటివాళ్ళు దాని కుట్టుమిషను తెచ్చి వీధిలో పెట్టారు.

"పేపరువాళ్ళు కోసేశారు. వాళ్ళ బుద్ధే అంత," అని చెప్పింది ఫొటోలావిడ అప్పుడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే చెబుతోంది.

* * *

వంటింట్లో టీచరు కాఫీ కలుపుతోంది. ఒక్క కప్పే.

"నాకు?" అంది ఫొటోలావిడ గుమ్మంలోంచి.

"ఫ్లాస్కులో ఉంది."

"బ్రష్షు కనబడలేదు నీది."

"నా సంచీలో ఉంది."

"సంచీ ఎందుకు సర్దావు?"

"ఎందుకు సర్దుతారు ఎవరైనా?"

ఫొటోలావిడ ఫ్లాస్కు మూత తిప్పింది. అది రాలేదు. ఆ మూత ఎప్పుడూ టీచరే తీసేది, ఎడమచేత్తో, మాట్లాడుతూ మాట్లాడుతూనే. ఇవాళ టీచరు ఆ తంటా చూస్తూ కాఫీ తాగింది.

"ఒక్కటి చెప్పు," అంది చివరికి. "ఆ పేపరు మనింట్లో మానేసి ఎన్నాళ్ళయింది?"

"అదంతా ఇప్పుడెందుకు..."

"ముప్పై ఒక్క ఏళ్ళు. మానిపించింది నేను. దుకాణంవాడు ఆ పేపర్లో పొట్లం కడితే పొట్లం వాడి మొహాన కొట్టొచ్చాను. స్టాఫ్ రూమ్‌లో ఆ పేపరు చదివే లెక్కల మాస్టారితో పన్నెండేళ్ళు మాట్లాడలేదు. పాపం, ఆయనకి రిటైరయ్యేదాకా తెలియలేదు ఎందుకో. అన్నేళ్ళూ నువ్వు నా పక్కనే కూచుని 'అవును, దుర్మార్గులు' అన్నావు. ఎలా అనగలిగావు?"

ఫొటోలావిడ మూత వదిలేసింది.

"నీ ఉద్యోగం పోతుందేమోనని..."

"నా ఉద్యోగం పేరెత్తావో, ఈ కప్పు నేలకేసి కొడతాను!" కప్పు మాత్రం జాగ్రత్తగా గట్టు మీద పెట్టింది టీచరు. "ఆ ఫొటో తీసిన వారమే మా హెడ్‌మిస్ట్రెస్‌కి అన్నీ చెప్పేసి వచ్చాను. పేపర్లో చూసి తెలుసుకోకూడదని నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడేమందో ఇంటికొచ్చి నీకు చెప్పాను. ఏమంది?"

"'రిలే రేసు ఈసారైనా గెలిపిస్తావా లేదా' అంది."

"అంది కదా? ఆ రోజు ఇద్దరం ఎంత నవ్వుకున్నాం! మరి నా ఉద్యోగానికి ఏం భయం?"

కొళాయి కింద గిన్నెలో నీటిబొట్టు పడింది. ఇంకొకటి పడింది.

"ఎవరో వచ్చుండాలి," అంది టీచరు, గొంతు తగ్గించి. "ఊరికే బెదిరే మనిషివి కాదు నువ్వు. ఎవరొచ్చారు స్టూడియోకి?"

"నేను ఫొటోలు తియ్యాల్సిన పెళ్ళిలో, పెళ్ళికూతురి తల్లి."

"తిట్టిందా?"

"తిడితే బావుండేది. మంచిగానే మాట్లాడింది. 'మీరు ఆడమనిషి కాబట్టి పిల్ల ముస్తాబయ్యే గదిలోకి రానిస్తున్నాం, మగ ఫొటోగ్రాఫర్నయితే గడప దాటనిస్తామా' అంది నవ్వుతూ. అంతే. ఆవిడ వెళ్ళిపోయాక డార్క్‌రూమ్‌లోకి వెళ్ళాను. ఆదివారం పొద్దున్న ఆవిడ చేతిలో పేపరుంటుంది, అందులో నేనుంటాను అనిపించింది. ఇంక ఏ గదిలోకీ నన్ను రానివ్వరు అనిపించింది. పెన్సిలు తీసుకున్నాను. ముందు నన్ను కోసేశాను."

"మరి నన్నెందుకు?"

"నువ్వుంటే నేనున్నట్టే కదా."

టీచరు మొహం తిప్పుకుంది. ఈ మాట ఇంకే రోజు విన్నా, ఇంకే సందర్భంలో విన్నా, వారం రోజులు ఈల వేసుకుంటూ తిరిగేది ఆవిడ. అది ఇద్దరికీ తెలుసు.

"బొత్తాంని మాత్రం ఉంచేశావు."

"ముగ్గుర్నీ తీసేస్తే ఫొటో ఏముంటుంది..."

అనేశాక ఆ మాట తన చెవిన తనకే పడింది ఫొటోలావిడకి. తల ఎత్తబుద్ధి కాలేదు.

* * *

'మనవాళ్ళు' అనుకునేవారు ఒకళ్ళనొకళ్ళు. ఆడవాళ్ళని ప్రేమించిన ఆడవాళ్ళు, మగవాళ్ళతో కాపరం చేసిన మగవాళ్ళు, పుట్టినప్పుడు మగపిల్లాడంటే 'కాదు, నేను ఆడపిల్లని' అని ఎదురుతిరిగిన బొత్తాం లాంటివాళ్ళు. సొంతవాళ్ళు వెళ్ళగొట్టినవాళ్ళంతా కలిసి పెట్టుకున్న మాట అది.

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఫొటోలావిడ పెళ్ళిళ్ళకి తిరిగి పొట్టపోసుకుంటూ, మిగిలిన రీళ్ళతో వాళ్ళ ఫొటోలు తీసింది. అద్దె గదిలో తెరలు దించుకుని చేసుకున్న పుట్టినరోజులు. మొదటి ఊరేగింపులో తలలకి కాగితపు సంచులు తొడుక్కుని, కళ్ళకి రెండు చిల్లులు పెట్టుకుని నడిచిన పదిహేడు మంది. ఆసుపత్రి మంచం పక్కన నేల మీద నిద్రపోయిన స్నేహితులు. పదేళ్ళ తర్వాత ఊరేగింపులో సంచులు లేవు. ఇరవై ఏళ్ళ తర్వాత పిల్లల్ని భుజానెక్కించుకుని వచ్చారు కొందరు.

అవన్నీ ఇప్పుడు పుస్తకంగా రాబోతున్నాయి. అరవై మూడు మంది. ఫొటోలావిడకి ఒక నియమం ఉంది. అడగకుండా ఎవరి మొహమూ అచ్చెయ్యదు. ఒక్కొక్కళ్ళనీ ఇంటికి పిలిచి, కిటికీ పక్క కుర్చీలో కూచోబెట్టి, వాళ్ళ ఫొటో చేతికిచ్చి, ఒక చీటీ ఇస్తుంది. వెయ్యమంటే 'వెయ్యండి', వద్దంటే 'వద్దు', వాళ్ళ చేత్తోనే రాయాలి. ఒకాయన 'వెయ్యండి, పొట్ట తగ్గించండి' అని రాశాడు. ఒకావిడ 'వద్దు' అని రాసి, వీధి చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి కొట్టేసింది.

వాళ్ళంతా 'క్లిక్కక్క' అని పిలుచుకునే ఫొటోలావిడంటే అందరికీ అంత నమ్మకం. మొహం అప్పగించేంత నమ్మకం.

మిగిలింది ఒక్క చీటీయే. పుస్తకం అట్ట మీద వేసే ఆ పేపరు బొమ్మకి, బొత్తాంది. సాయంత్రం నాలుగింటికి వస్తానంది.

"చెప్తావా దానికి?" అంది టీచరు, మధ్యాహ్నం.

"చెప్తాను. పుస్తకం రానీ."

"చీటీ రాయించుకున్నాక అన్నమాట."

"అలా కాదు. దానికి బీపీ ఉంది. ఇన్నేళ్ళ తర్వాత కదిలిస్తే..."

"దాని బీపీ మీద నీకున్న శ్రద్ధకి దండం పెట్టాలి." టీచరు చీటీల కట్టలోంచి ఒకటి లాగింది. "నా చీటీ ఏది?"

"నీ ఫొటో ఎక్కడుంది?"

"అట్ట మీద. బొత్తాం భుజం మీదున్న చెయ్యి నాది. అరవై మూడు మందిని అడిగావు. ఆ చేతికి ఒక మనిషి ఉందని తోచలేదు నీకు." నిలబడే రాసింది, గ్రౌండులో పిల్లల పేర్లు రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో. 'వద్దు.' రాసి షీటు మీద పెట్టింది. "అయిదింటికి బస్సుంది. మా తమ్ముడింటికి. నువ్వు దానికి చెప్పావా, అప్పుడు నా సంగతి మాట్లాడుకుందాం. చెప్పలేదా, మాట్లాడుకోవడానికి ఏమీ లేదు, మేడమ్."

'మేడమ్' వినబడింది చివరికి. ఫొటోలావిడకి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ లేచొచ్చినందుకు కూడా సిగ్గేసింది.

* * *

మూడింటికి మేనకోడలు వచ్చింది, ప్రూఫుల సంచీ భుజాన వేసుకుని, చెప్పులు తలోవైపూ విడిచి. పుస్తకం పేజీలు దిద్దుతున్నది తనే. పెళ్ళయి రెండు నెలలు. కొత్త కుక్కరు మూత ఒక్కసారికే పడితే ఆ సంగతి మొగుడికి ఫోన్ చేసి చెప్పే రోజులు. నిన్న పాత లెన్సుల పెట్టె అడుగున ఆ షీటునీ, పోయిందనుకున్న నెగెటివునీ పట్టుకుని "అత్తా, దొరికింది! ముగ్గురూ ఉన్నారు!" అని గంతేసింది తనే. ఇల్లు ఎందుకు మూగబోయిందో దానికి బోధపడలేదు.

"టీచరత్తతో గొడవా?" అంది గుసగుసగా.

"ఆఁ."

"మేమూ పొద్దున్నే గొడవపడ్డాం. తడి తువ్వాలు మంచం మీద పడేశాడు. నేను అరిచాను. అప్పుడు తువ్వాలు తీసి, మడతపెట్టి, మళ్ళీ మంచం మీదే పెట్టాడత్తా! మడతపెట్టాడుగా మరి, అంటాడు." చెబుతూనే నవ్వేసింది. "మీదీ తువ్వాలేనా?"

"అలాంటిదే."

ఫొటోలావిడ షీటుని అట్టల మధ్య పెట్టింది. టీచరు చీటీ జారి కింద పడితే తీసి జేబులో వేసుకుంది.

"బొత్తాం వస్తుంది కదా. ఈ షీటు చూపించకు."

"ఎందుకు?" పిల్ల కళ్ళు మెరిశాయి. "సర్‌ప్రైజా?"

కాదు అనడానికి ఒక్క క్షణం పడుతుంది. ఆ క్షణం వచ్చింది, వెళ్ళిపోయింది.

"ఆఁ. సర్‌ప్రైజే."

మేనకోడలు "అయితే నాకొదిలెయ్" అని చిటికేసి, నెగెటివు తీసుకుని, పక్క వీధిలో ఉన్న స్టూడియోకి తుర్రుమంది.

* * *

బొత్తాం మూడున్నరకే వచ్చేసింది. నోట్లో ఎప్పుడూ ఒక బొత్తాం పెట్టుకుని కుట్టేది కాబట్టి ఆ పేరు. ఇప్పుడు సొంత షాపు, నాలుగు మిషన్లు, దాని దగ్గర పని నేర్చుకునే పిల్లలు. తను కుట్టుకున్న నీలం చొక్కా వేసుకుని, గుమ్మంలో ఒక చుట్టు తిరిగి చూపించింది.

"ఏమే క్లిక్కక్కా, అట్ట మీద నా ముక్కు సంగతేంటి? పుస్తకం తెరవాలంటే ముందు నా ముక్కు తప్పుకోవాలిట, మా పిల్లలంటున్నారు."

"కూచో," అంది ఫొటోలావిడ.

"కూచోను. ముందు ఇది వినండి. పుస్తకం విడుదల రోజున నేను మాట్లాడాలిగా, రాసుకొచ్చాను. తప్పులుంటే టీచరు దిద్దుతుంది."

"నేను డ్రిల్లు టీచర్ని," అంది టీచరు కిటికీ దగ్గర్నుంచి.

"డ్రిల్లులో తప్పులుండవా ఏం?" బొత్తాం కళ్ళజోడు పెట్టుకుని, నాలుగు మడతల కాగితం విప్పింది. గొంతు సవరించుకుంది. "'నా ఫొటో పేపర్లో పడిన రోజున నాకు ఉద్యోగం పోయింది, గది పోయింది, చివరికి ప్రేమించిన మనిషి కూడా పోయాడు. ముగ్గురం కలిసి నిలబడదాం, ముగ్గురుంటే జనం రాయి వేసే ముందు ఆలోచిస్తారు అనుకున్నాం. పేపరువాళ్ళు కత్తెరేసి నన్ను ఒంటరిదాన్ని చేశారు. కత్తిరించిన నన్ను మళ్ళీ కుట్టింది మా అక్క. ఎనిమిది నెలలు తన ఇంట్లో పెట్టుకుంది. నాకు జ్వరమొస్తే నిద్ర మానుకుంది. కన్నతల్లి కూడా...'" ఆగింది. "ఇక్కడ ఏడుపొస్తోంది. విడుదల రోజున ఇక్కడ నీళ్ళ గ్లాసు పెట్టించాలి."

ఫొటోలావిడ తన చేతుల వంక చూసుకుంది. ఆ ఎనిమిది నెలలూ నిద్ర మానుకున్న మాట నిజం. దాని జ్వరానికి మాత్రం కాదు.

వీధి తలుపు తోసుకుని మేనకోడలు వచ్చింది, ఆయాసపడుతూ, చేతుల్లో కాగితం చుట్టిన పెద్ద అట్టతో.

"బొత్తాం పిన్నీ, కళ్ళు మూసుకో!"

చుట్టిన కాగితం చిరిగింది.

ముగ్గురూ ఉన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి ముగ్గురు, కిటికీ అంత ఫొటోలో. టీచరు సైనికుడిలా నిటారుగా. బొత్తాం నోరంతా తెరిచి నవ్వుతూ. ఫొటోలావిడ సగం పరుగులో, జుట్టు మొహం మీద పడి, ఎక్కడికో ఆలస్యంగా చేరుకున్న మనిషిలా సంతోషంగా.

ఈ పెద్ద ఫొటో మీద ఎర్ర గీతలు లేవు.

"అమ్మో! అక్కా! నెగెటివు పోయిందన్నావు!" బొత్తాం అట్టని రెండు చేతులతో పట్టుకుంది. "చూశారా, చూశారా? ముగ్గురం ఉన్నామని నేను చెబుతూనే ఉన్నాను, మా పిల్లలు నమ్మరు. టీచరూ, ఎంత సన్నగా ఉన్నావే! ఇదే వెయ్యాలి అట్ట మీద. ఆ పేపరువాళ్ళ మొహాన కొట్టినట్టుంటుంది. చీటీ తే, ఇప్పుడే రాసేస్తాను."

"నేనూ అదే అనుకున్నా!" మేనకోడలు చప్పట్లు కొట్టింది.

ఎంత సులువు! ఫొటోలావిడ ఊరికే ఉంటే చాలు. ఎవరికీ నష్టం లేదు. ముగ్గురూ అట్ట మీదికి వస్తారు, బొత్తాం చీటీ రాస్తుంది, గీతలున్న షీటు పెట్టె అడుక్కి పోతుంది.

టీచరు వంక చూసింది. చురచుర చూస్తుందనుకుంది. టీచరు తన వంక చూడట్లేదు. వీధిలోకి చూస్తూ, సంచీ పట్టీ భుజం మీద సర్దుకుంటోంది. ఈ మనిషి చెప్పదని ముందే తెలిసినదానిలా.

"పేపరువాళ్ళు కాదు," అంది ఫొటోలావిడ.

"ఏంటి?"

"కోసింది పేపరువాళ్ళు కాదు. నేను."

బొత్తాం నవ్వింది. "ఊరుకో అక్కా, జోకులేమిటి ఇప్పుడు."

ఫొటోలావిడ అట్టల మధ్యనుంచి షీటు తీసి బల్ల మీద పెట్టింది. వేలు పెట్టి చూపించలేదు. అక్కర్లేకపోయింది. బొత్తాం కళ్ళజోడు సవరించుకుని వంగింది. చూపుడువేలు గీత వెంబడి పైనుంచి కిందికి పోనిచ్చింది, గుడ్డ మీద సుద్ద గీత చూసుకునేటప్పటిలాగే.

"తొందర్లో గీసింది కాదిది," అంది మెల్లగా. "కొలుచుకుని గీసిన గీత."

"ఔను."

"స్కేలు పెట్టావు."

"పెట్టాను."

మేనకోడలి ఫోను గణగణలాడింది. పిల్ల దాన్ని బోర్లించి, రెండు చేతులూ దాని మీద పెట్టి నొక్కింది, తప్పు తనదే అయినట్టు.

"భయమేసింది," అంది ఫొటోలావిడ. "పెళ్ళిళ్ళకి పిలవరని. నీకేం జరుగుతుందో ఆలోచించలేదు. కాదు. ఆలోచించాను. ఆలోచించే గీశాను."

బొత్తాం కుర్చీలో కూచుంది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచింది, మళ్ళీ తుడిచింది. టీచరు కిటికీ దగ్గరే ఉంది గానీ, ఇప్పుడు వీధి వంక చూడట్లేదు.

"కామా," అంది బొత్తాం.

ఆ పేరు వస్తుందని ఫొటోలావిడకి నిన్నటినుంచీ తెలుసు. తెలిసే, మనసులో దాని చుట్టూ తిరిగి దాటిపోతోంది. కామా ఆ పేపర్లో సబ్ ఎడిటరుగా ఉండేవాడు. మాట్లాడినా మధ్యమధ్యలో కామాలు పెట్టినట్టు ఆగి ఆగి మాట్లాడేవాడని ఆ పేరు. బొత్తాంని ప్రేమించాడు. ఫొటో ఉన్న కవరు అందుకున్నది అతనే. 'మిగతా ఇద్దరూ, ఏరక్కా?' అని అడిగితే, 'బొత్తాం ఒక్కతే చాలంది' అని చెప్పింది తను.

"సోమవారం సాయంత్రం పేపరాఫీసు మెట్ల మీద, అందరూ చూస్తుండగా, అతని చెంప పగలగొట్టాను," అంది బొత్తాం. "'నేను కొయ్యలేదే. కవర్లో అలాగే ఉంది. అక్కనడుగు' అన్నాడు. వచ్చి నిన్నడిగాను. అడిగానా లేదా?"

"అడిగావు."

"ఏం చెప్పావు?"

"తెలుసు కదా నీకు."

"నీ నోటితో చెప్పు."

"అబద్ధమాడుతున్నాడన్నాను," అంది ఫొటోలావిడ. "అలాంటివాడని నాకు ముందే అనుమానమన్నాను."

టీచరు "అయ్యో" అంది. ఈ ముక్క ఆవిడకీ తెలియదు.

"నేనిక్కడున్న ఎనిమిది నెలలూ ఈ వీధి చివర నిలబడేవాడు," అంది బొత్తాం. "అదిగో, ఆ స్తంభం దగ్గర. నేను కిటికీ తలుపేసేదాన్ని. నువ్వు కాఫీ తెచ్చి ఇచ్చేదానివి. 'పోతాడులే, పట్టించుకోకు' అనేదానివి." బొత్తాం ఏడవట్లేదు. ఏడిస్తే బావుండునని ఫొటోలావిడ కోరుకుంది. "పోయాడు. ఎక్కడున్నాడో ఏమో. ఉన్నాడో లేదో."

చెప్పకుండా ఉండొచ్చు. ఇది మాత్రం ఎవరూ అడగలేదు.

"ఉన్నాడు," అంది ఫొటోలావిడ. "పుస్తకంలో. నలభై ఏడో పేజీ."

బొత్తాం ప్రూఫుల సంచీ వంక చూసింది గానీ ముట్టుకోలేదు.

"పోయిన నెల వచ్చి చీటీ రాసి వెళ్ళాడు. ఆ కుర్చీలోనే. అంతకుముందు కూడా... ఏళ్ళుగా వస్తూనే ఉన్నాడు, అప్పుడప్పుడూ. నువ్వు వచ్చే రోజులు తెలుసు కాబట్టి, అతన్ని వేరే రోజుల్లో, టీచరు ఇంట్లో లేనప్పుడు రమ్మనేదాన్ని."

"ఎదురుపడకుండా."

"ఎదురుపడకుండా."

మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నిన్నటిదాకా అత్తంటే దానికి ప్రపంచంలో భయమెరుగని మనిషి. ఆ చూపు మారడం ఫొటోలావిడ చూసింది. వెలుగు తగ్గడం ఎప్పుడూ ముందు తనకే తెలుస్తుంది, అలవాటు.

"నంబరుందా?" అంది బొత్తాం.

"ఉంది."

"చెయ్యి."

"ఇప్పుడా? కొంచెం ఆలోచించుకుని, నువ్వేం మాట్లాడాలో..."

"చెయ్యి అక్కా."

ఫొటోలావిడ ఫోను తీసింది. ఒకసారి తప్పు నొక్కింది. రెండోసారి మోగింది. బొత్తాంకి అందించబోయింది.

"నాకెందుకిస్తున్నావు?" బొత్తాం రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకుంది. "నేను అతనికి అబద్ధం చెప్పలేదే. నువ్వు చెప్పు. అందరూ వినేలా పెట్టి చెప్పు."

స్పీకరు నొక్కి, ఫోను బల్ల మీద పెట్టింది. మోగుతోంది. టీచరు కిటికీ దగ్గర్నుంచి కదిలి, బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. సంచీ ఇంకా భుజానే ఉంది. నాలుగోసారి మోగి ఆగింది.

"చెప్పండక్కా," అంది ముసలి గొంతు, ఆగి ఆగి. "పుస్తకం, వచ్చేసిందా?"

ఫొటోలావిడ నోరు తెరిచింది. బొత్తాం వంక చూసింది. దమ్ము తీసుకుంది, మళ్ళీ తెరిచింది.

"అక్కా? మాట్లాడరేం?" అవతల కుర్చీ జరిగిన చప్పుడు. గొంతులో ఉన్నట్టుండి భయం. "ఏంటక్కా, మా బొత్తాంకి, ఏమన్నా అయిందా?"